ఆరోగ్య రికార్డు ఎవరి కోసం?

(ఆరోగ్య రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల శిక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపకేంద్రాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే సిబ్బందికి కొత్త రికార్డుల విధానంలో శిక్షణ ఇవ్వడానికి మీలో చాలామంది సిద్ధమవుతున్నారు. ట్యాబు ఎలా తెరవాలి, ఏ గడిలో ఏం నింపాలి, నింపినదాన్ని ఎలా పంపాలి అన్నవి చెప్పడానికి సాంకేతిక నిపుణులు వేరే ఉన్నారు. ఈ విషయాన్ని స్త్రీల హక్కుల వైపు నుంచి చూసి మాట్లాడమని నన్ను పిలిచారు. రికార్డులకీ హక్కులకీ సంబంధం ఏమిటని పొద్దున టీ దగ్గర ఒక మిత్రురాలు అడిగింది కూడా.

సంబంధం ఉంది. గర్భవతి పేరు రికార్డుకి ఎక్కకపోతే ఆమెకి రావలసిన డబ్బు రాదు. ఆమెకి రక్తం బాగా తక్కువగా ఉందని రాయకపోతే సమయానికి పెద్దాసుపత్రికి పంపరు. ఆమె గుట్టుగా ఉంచుకున్న విషయం రికార్డు నుంచి ఊళ్ళోకి పొక్కితే ఆమె బతుకే తలకిందులవుతుంది. డబ్బు, ప్రాణం, మర్యాద, మూడూ ఆ గడుల మీద ఆధారపడి ఉన్నాయి.

అందుకే ముందుగా ఒక మాట చెప్పి, తర్వాత దానికి కారణాలు చెబుతాను. మీ శిక్షణ పూర్తయ్యాక ఒక ఏఎన్ఎమ్ ధైర్యంగా చేయగలగాల్సిన పని ఒకటుంది. చేయని పరీక్షని "చేయలేదు" అని రాయడం. ఎందుకు చేయలేకపోయిందో కూడా రాయడం. ఆ ఒక్కటీ నేర్పలేకపోతే, ఆ వీలు సంపాదించలేకపోతే, మిగిలినవన్నీ ఎంత బాగా నేర్పినా మనం అబద్ధాలు వేగంగా పంపే పద్ధతి నేర్పినట్టే అవుతుంది.

రాసేది ఎవరు?

మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఆరోగ్య రికార్డు రాసేది దాదాపు పూర్తిగా స్త్రీలే. ఏఎన్ఎమ్‌లు, 2005 తర్వాత వచ్చిన ఆశాలు, వాళ్ళ పక్కనే అంగన్‌వాడీ కార్యకర్తలు. ఆ అంకెల్ని కూడి, పోల్చి, ఎవరు వెనకబడ్డారో చెప్పి మందలించేవాళ్ళు పై అంతస్తుల్లో ఉంటారు. రాసేవాళ్ళ శ్రమకీ చదివేవాళ్ళ అధికారానికీ మధ్య ఉన్న ఈ దూరం కొత్త యంత్రం రాగానే మాయమైపోదు.

ఉపకేంద్రానికి జనాభా ప్రమాణం మైదాన ప్రాంతంలో 5,000, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000. ఇంతమందికి టీకాలు, గర్భిణీ పరీక్షలు, కాన్పు తర్వాత ఇంటికి వెళ్ళి చూడటం, జ్వరాల సర్వే, ఇప్పుడు బీపీ, షుగరు సర్వేలు. ఇవన్నీ "పని". రికార్డు రాయడం మాత్రం పని అయిపోయాక చేసేది. ఇంటి చాకిరీని పనిగా లెక్కపెట్టని సమాజం, ఆడవాళ్ళు ఉద్యోగంలో చేసే రాతపనిని కూడా అదే కళ్ళతో చూస్తుంది. దానికి వేళలు ఉండవు, కొలత ఉండదు. ఒక మండలంలో నేను ఏఎన్ఎమ్‌లతో కలిసి తిరిగిన రోజుల్లో, వాళ్ళు పగలు రిజిస్టర్లో రాసిందే రాత్రి వంటా భోజనాలూ అయ్యాక ట్యాబులో మళ్ళీ ఎక్కించేవాళ్ళు. సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాళ్ళు. ట్యాబు వచ్చింది, రిజిస్టరు మాత్రం పోలేదు. కొత్త విధానం పని తగ్గిస్తుందని చెప్పి, దాన్ని రెట్టింపు చేశారు.

ఆశా పరిస్థితి ఇంకో రకం. ఆమెను ఉద్యోగిగా గుర్తించలేదు. ఆమె రాబడిలో కొంత భాగం చేసిన పనిని బట్టి వచ్చే పారితోషికం. ఆమె తీసుకెళ్ళిన కేసు రికార్డులో కనిపించకపోతే చేసిన పనికి డబ్బు రాదు. కాబట్టి రికార్డు నడక తెలుసుకోవడం ఆమెకి కూలి హక్కు సంగతి కూడా. అయినా శిక్షణ అనగానే ఏఎన్ఎమ్ దగ్గర ఆపేస్తారు. ఆశాకి "మీ ఏఎన్ఎమ్ చెబుతుందిలే" అనే మాటే మిగులుతుంది.

టార్గెట్ల కాలం నేర్పిన పాఠం

అంకెలు ఎలా పుడతాయో మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 దాకా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి టార్గెట్లు ఉండేవి. ఏఎన్ఎమ్ చేతిలో అర్హులైన దంపతుల రిజిస్టరు, నెత్తిమీద టార్గెట్. అది పూర్తికాకపోతే మీటింగులో అందరి ముందూ చీవాట్లు. ఆ ఒత్తిడి కింద ఆపరేషన్లకి స్త్రీలను ఎలా పోగుచేశారో, కాగితం మీద కేసుల్ని ఎలా సృష్టించారో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో, స్త్రీల ఆరోగ్యాన్నీ హక్కుల్నీ జనాభా లెక్కలకి తాకట్టు పెట్టకూడదని ప్రపంచవ్యాప్తంగా స్త్రీల సంఘాలు వాదించాయి. 1996 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా టార్గెట్ల పద్ధతిని తీసేసింది.

కాగితం మీద తీసేసింది అనాలి. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలోగా మాన్పించే దిశగా చర్యలు తీసుకోమని చెప్పాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఆపరేషన్ల తర్వాత నలుగురు స్త్రీలు చనిపోయారు.

ఈ చరిత్రను ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, పై నుంచి ఎంత ఒత్తిడి పెడితే కింద నుంచి అంత అంకె వస్తుంది. ఆ అంకెకీ స్త్రీ శరీరానికీ మధ్య సంబంధం తెగిపోతుంది. కాగితం స్థానంలో కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ సూత్రం మారదు. పైగా తెరమీద రంగు రంగుల గీతలుగా కనిపించే అంకెకి, చేత్తో రాసిన అంకె కంటే ఎక్కువ నమ్మకం దొరుకుతుంది.

యంత్రం మనకి కొత్త కాదు

ట్యాబు వచ్చాకే ఇదంతా మొదలైందని చాలామంది అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాత తొలి ఏళ్ళలోనే నల్లగొండ జిల్లాలో ఏఎన్ఎమ్‌లకి చిన్న చేతి కంప్యూటర్లు ఇచ్చి చూశారు. 2000 చివర్లో చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో మరో ప్రయత్నం మొదలైంది. దాని మూలాలు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి. వర్ణవివక్ష పాలన ముగిసిన 1994 నాటికి అక్కడి ఆరోగ్య వ్యవస్థ జాతుల వారీగా ముక్కలై ఉంది. దాన్ని ఒకటి చేసే పనిలో కేప్‌టౌన్‌లో ఆరోగ్య కార్యకర్తలూ పరిశోధకులూ కలిసి ఒక సమాచార విధానాన్ని రూపొందించారు. దాని వెనక ఉన్న ఆలోచన సులువైనది. కింది స్థాయిలో ఏ సమాచారంతో ఏదైనా చర్య తీసుకోగలరో, ఆ కాస్త సమాచారమే సేకరించాలి. ఎవరు సేకరిస్తారో వాళ్ళే దాన్ని ముందు వాడుకోవాలి.

తర్వాత మన దగ్గర వచ్చినవి మీకు తెలుసు. 2008లో జాతీయ ఆరోగ్య సమాచార విధానం, 2009 చివర్లో తల్లీపిల్లల్ని పేరు పేరునా నమోదుచేసే విధానం, 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎమ్‌ల చేతికి ట్యాబులతో "అన్మోల్", 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దానితోబాటు పద్నాలుగు అంకెల ఆభా నంబరు. ప్రతి కొత్త విధానంతోబాటు ఒక శిక్షణ, ప్రతి శిక్షణలో ఒక మందపాటి పుస్తకం. కానీ "ఎవరు సేకరిస్తారో వాళ్ళే ముందు వాడుకోవాలి" అన్న మాట మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. తన ఉపకేంద్రంలో ఈ నెల ఎవరికి రక్తం బాగా తక్కువగా ఉందో, ఎవరు రెండోసారి పరీక్షకి రాలేదో ఏఎన్ఎమ్ ట్యాబులో చూసుకోగలుగుతోందా? మీ శిక్షణలో మొదటి పాఠం అదే కావాలని నా అభిప్రాయం. నింపడం కంటే ముందు చదవడం నేర్పండి. తనకి ఉపయోగపడుతుందని తెలిసిన దాన్ని మనిషి జాగ్రత్తగా రాస్తుంది.

గడిలో పట్టని బతుకులు

ఇప్పుడు గడుల సంగతి. మొదటిది ఆఖరి బహిష్టు తేదీ. దీన్ని బట్టే కాన్పు తేదీ 280 రోజులకి లెక్కకడతారు, పరీక్షల తేదీలు నిర్ణయిస్తారు. కానీ మన స్త్రీలకి తేదీ గుర్తుండదు. "బోనాలైన వారానికి", "ఉగాదికి నాలుగు రోజుల ముందు" అని చెబుతారు. అది తప్పు సమాధానం కాదు, మంచి సమాధానం. పంచాంగం దగ్గర పెట్టుకుంటే దాదాపు సరైన తేదీ తేలుతుంది. అంత తీరిక లేనప్పుడు ఒకటో తేదీ అనో పదిహేనో తేదీ అనో పడిపోతుంది. శిక్షణలో తెరమీద క్యాలెండర్ నొక్కడం చూపిస్తారు గానీ, పండుగ నుంచి తేదీకి ఎలా రావాలో సాధన చేయించరు. ఒక పూట దీనికి ఇవ్వండి.

రెండోది ఊరు. తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వెళ్ళడం మన ఆచారం. పేరు నమోదైంది అత్తగారి ఊళ్ళో, కాన్పు అయింది పుట్టింటి దగ్గర ఆసుపత్రిలో. అక్కడ కొత్తగా నమోదు చేస్తే ఆమె రికార్డులో ఇద్దరు స్త్రీలవుతుంది. ఒకామె కాన్పు కాకుండానే మాయమైన గర్భవతి, ఇంకొకామె పరీక్షలేవీ లేకుండా కాన్పుకి వచ్చిన తల్లి. పాలమూరు నుంచి పనులకి వలసపోయే కుటుంబాల్లో ఇది ఇంకా ఎక్కువ. పాత నమోదును వెతికి పట్టుకోవడం ఎలాగో నేర్పకుండా, "డూప్లికేట్లు ఎందుకు వచ్చాయి?" అని సిబ్బందిని నిలదీయడం అన్యాయం. లక్ష్మి పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తామో ఆలోచించండి. ఆధార్‌లో ఒక రకం, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకం, ట్యాబులో మూడో రకం. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన డబ్బు కోసం పసిబిడ్డను చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లుల్ని మీరూ చూసి ఉంటారు.

మూడోది భర్త పేరు. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన పథకంలో మొదట్లో భర్త ఆధార్ కూడా అడిగారు. పెళ్ళికాని తల్లులు, భర్త వదిలేసినవాళ్ళు, భర్తను వదిలి వచ్చినవాళ్ళు ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయారు. 2022లో మార్చిన నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. గడి అనేది ప్రకృతి చేసింది కాదు, ఎవరో గీసింది. గీసినదాన్ని చెరిపించవచ్చు.

ఇక నేను మొదట చెప్పిన "చేయలేదు" గడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భవతుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. నేను తిరిగిన మండలంలో ఒక ఉపకేంద్రం రికార్డులో వరసగా అందరికీ 10 ఉంది. "ఇదేంటమ్మా, అందరికీ ఒకటే ఉంది?" అని అడిగాను. "స్ట్రిప్పులు అయిపోయి రెండు నెలలైంది మేడం. గడి ఖాళీగా వదిలితే ట్యాబు ముందుకి పోదు. సున్నా వేస్తే తీసుకోదు. నేనేం చేయను?" అంది. ఆమె అబద్ధాలకోరు కాదు. ఆమె చేత అబద్ధం రాయించిన విధానం ఉంది. ఆ వరసలో 6.5 ఉన్న స్త్రీ కూడా ఒకామె ఉండి ఉంటే, రికార్డు ఆమెను మన కళ్ళ ముందే దాచేసింది. స్ట్రిప్పులు లేవన్న సంగతీ దాచేసింది. జిల్లాలో కూర్చుని చూసేవాళ్ళకి అక్కడ పరీక్షలు నూటికి నూరు జరుగుతున్నట్టే కనిపిస్తుంది. రేపు ఆ స్త్రీ కాన్పులో చనిపోతే, మాతృ మరణంపై జరిగే విచారణలో ఆ 10 అంకె ఎవరి మెడకి చుట్టుకుంటుంది? స్ట్రిప్పులు పంపనివాళ్ళ మెడకి కాదు.

గుట్టు ఎవరి చేతిలో?

శిక్షణ సరిగా లేకపోతే రహస్యం ఎలా పోతుందో చూడండి. ట్యాబు వాడకం బాగా రాని, వయసు మీదపడిన ఏఎన్ఎమ్ ఇంటర్ చదివే కొడుకు సాయం తీసుకుంటుంది. తల్లి మీద ప్రేమతోనే అతను రాత్రి కూర్చుని ఎక్కిస్తాడు. ఆ ఊళ్ళో ఎవరికి గర్భం పోయింది, ఎవరికి ఏ జబ్బు ఉంది, ఎవరు ఆపరేషన్‌కి వెళ్ళారు అన్నవన్నీ ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి కళ్ళ ముందు ఉంటాయి. ఇక్కడ తల్లినీ కొడుకునీ తిట్టి లాభం లేదు. ఆమెకి తీరిగ్గా, పదేపదే, తెలుగులో నేర్పి ఉంటే ఈ అవసరం రాదు.

చట్టాలు ఏం చెబుతున్నాయో సిబ్బందికి చెప్పాలి. 1971 నాటి గర్భస్రావ చట్టం కింద పెట్టే రిజిస్టరు రహస్య పత్రం. 2021 సవరణ ప్రకారం గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు చట్టం అనుమతించిన వ్యక్తికి తప్ప ఇంకెవరికీ డాక్టరు చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలుశిక్ష వేయవచ్చు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెళ్ళికాని స్త్రీలకి కూడా ఈ చట్టం వర్తింపును స్పష్టం చేసింది. హెచ్ఐవి చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. హెచ్ఐవి ఉన్నవాళ్ళ సమాచారం ఉంచుకునే సంస్థలు దాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలని అది చెబుతుంది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. తన గురించి ఏం రాసుకున్నారో తెలుసుకునే, తప్పుంటే దిద్దించుకునే హక్కుని అది గుర్తించింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన భాగాల అమలుకి అప్పటినుంచి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఇక ఆభా నంబరు తీసుకోవడం స్వచ్ఛందమని ఆ మిషన్ విధానమే చెబుతోంది. ఓపీ చీటీ దగ్గర వరసలో నిలబడ్డ స్త్రీకి ఆ మాట చెప్పే మనిషి ఉండాలి కదా!

నిఘాకీ రికార్డుకీ తేడా

సిబ్బంది యంత్రానికి ఎదురుతిరుగుతున్నారని, చదువు తక్కువ కాబట్టి భయపడుతున్నారని అధికారులు తరచూ అంటారు. 2021లో హర్యానాలో ఆశాలు తమ ఫోన్లలో ఒక యాప్ పెట్టడానికి నిరాకరించారు. అది తమ కదలికల మీద నిఘా పెడుతుందని వాళ్ళ అభ్యంతరం. అదే ఏడాది మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకం ఫోన్లనూ, తమ భాషలో లేని యాప్‌నూ నిరసిస్తూ ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను వెనక్కి ఇచ్చేశారు. ఇది తెలియనితనం కాదు. యంత్రం దేనికి వాడుతున్నారో బాగా తెలిసిన స్త్రీల నిరసన. రోగి కోసం రాసే రికార్డు వేరు, కార్మికురాలి మీద పెట్టే కాపలా వేరు. రెండింటినీ ఒకే ట్యాబులో కలిపేస్తే, ఆమె రాసే ప్రతి అంకె ఆత్మరక్షణ కోసం రాసినదే అవుతుంది.

శిక్షణలో ఏం ఉండాలి?

నా ఆలోచనలు కొన్ని మీ ముందు పెడతాను. మీరు వీటిని మార్చండి, పెంచండి.

ఒకటి, శిక్షణ ఒక్కరోజు హాల్లో యాభైమందిని కూర్చోబెట్టి చెప్పేది కాకూడదు. మొదటి రెండు నెలలూ ఉపకేంద్రానికే వెళ్ళి, ఆమె పని చేసే చోట, ఆమె వేగంతో నేర్పాలి. ఆ రోజుల్ని డ్యూటీగా లెక్కపెట్టాలి.

రెండు, నేర్పేవాళ్ళలో అదే పని చేస్తున్న ఏఎన్ఎమ్‌లు ఉండాలి. తోటి మనిషిని "అక్కా, ఇది మళ్ళీ చూపించు" అని అడిగినంత తేలిగ్గా అధికారిని అడగలేరు.

మూడు, "పరీక్ష చేయలేదు" అనీ, "పరికరం లేదు" అనీ, "ఆమె వద్దంది" అనీ రాయడానికి గడులు ఉండాలి. అవి రాసినందుకు ఏ మీటింగులోనూ శిక్ష ఉండదని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ గడులు లేని విధానంలో శిక్షణకి ఒప్పుకునే ముందు మన సంస్థలు వాటి కోసం అడగాలి.

నాలుగు, నిర్వహణ. ట్యాబు పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఆ రోజుల్లో దేని మీద రాయాలి? డేటా ఖర్చు ఎవరిది? తప్పు ఎక్కితే దిద్దే అధికారం ఎవరికుంది? ఏఎన్ఎమ్ బదిలీ అయితే ఆమె పాస్‌వర్డ్ ఏమవుతుంది? ఈ ప్రశ్నలకి జవాబులు ఒక కాగితం మీద, తెలుగులో, ప్రతి ఉపకేంద్రం గోడకీ ఉండాలి. కొత్త విధానాలు చాలావరకు ఆరంభోత్సవంలో కాదు, ఇలాంటి చిన్న విషయాల దగ్గర కూలిపోతాయి.

ఐదు, ఒక తేదీ తర్వాత పాత రిజిస్టరు రాయనక్కర్లేదని ఆర్డరు రావాలి. అది రానంతకాలం రెండుసార్లు రాసే శ్రమకి వేళా, వేతనం ఇవ్వాలి.

ఆరు, స్త్రీకి తన రికార్డు చదివి వినిపించాలి. ప్రతి పరీక్ష తర్వాత "అమ్మా, నీ గురించి ఇలా రాశాను, సరేనా?" అని అడగడం శిక్షణలో సాధన చేయించాలి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. తేదీలోనో, పేరులోనో, ఊరులోనో ఉన్న తప్పు అక్కడే బయటపడుతుంది. తన శరీరం గురించి రాసిన మాట తనదేనని ఆమెకి తెలుస్తుంది.

మిత్రులారా, గ్రామాల్లో మన సంఘాల్లో ఉన్న స్త్రీలకి ఈ విషయాలు చెప్పే బాధ్యత కూడా మనదే. సిబ్బందికి ఇచ్చే శిక్షణ ఒక చెయ్యి అయితే, స్త్రీలు తమ రికార్డును అడగడం రెండో చెయ్యి. ఏఎన్ఎమ్ కష్టానికి గర్భవతి శత్రువు కాదు, గర్భవతి కష్టానికి ఏఎన్ఎమ్ శత్రువు కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టే అంకెల ఒత్తిడిని ఇద్దరూ కలిసి ప్రశ్నించాలి. స్ట్రిప్పులు లేవని ఏఎన్ఎమ్ నిజం రాసిన రోజున, ఆ స్ట్రిప్పులు పంపమని మండల కేంద్రం ముందు కూర్చునేది మన సంఘాల స్త్రీలే కావాలి. అప్పుడే ఆమెకి నిజం రాసే ధైర్యం నిలుస్తుంది.

మీ మీ జిల్లాల్లో శిక్షణ మొదలుపెట్టే ముందు ఆ విధానంలో "చేయలేదు" అనే గడి ఉందో లేదో చూసి రండి. ఇప్పుడు మన చర్చ అక్కడినుంచే మొదలుపెడదాం.